ఫైళ్లలో కూరుకుపోయిన కాగితం

అమెరికాలో, ఇండియానాలోని డెల్ఫై ఊరి బయట, పాత రైలు వంతెన దగ్గరికి సాగే కాలిబాట. 2017 ఫిబ్రవరి 13న అక్కడికి వెళ్లిన ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. వాళ్లలో ఒకమ్మాయి ఫోన్‌లో హంతకుడి నడక, గొంతు రెండూ దొరికాయి. ఎఫ్‌బీఐ దిగింది, పొంతనలేని రెండు ఊహాచిత్రాలు వచ్చాయి, కేసు మాత్రం ఐదేళ్లు కదల్లేదు. తీరా చూస్తే, ఆ మధ్యాహ్నం ఆ బాటలోనే ఉన్నానని ఒకడు తొలిరోజుల్లోనే ఓ అధికారికి తనంతట తానే చెప్పాడు! ఆ మాట రాసుకున్న కాగితం తప్పు పేరుతో ఫైళ్లలో కూరుకుపోయింది. 2022లో పాత కాగితాలు సర్దుతున్న వాలంటీరు ఒకామె కంటపడింది. 2024లో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. డ్రోన్ల మీద మోజుపడే పోలీసుశాఖలు ముందు ఓ మంచి గుమాస్తాకు జీతమివ్వాలంటాను, వెటకారానికి కాదు. డెల్ఫైలో ఆ పని చేసిపెట్టినామెకు జీతమే లేదు మరి.