మైళ్ళ లెక్క చాలదు: వాడిన ఎస్‌యూవీ, దాని ట్రాన్స్‌మిషన్

పార్సిప్పనీలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను స్థిరపడిన మన కుటుంబాలలో పిల్లలకు పదిహేడేళ్ళు నిండుతూనే ఒక చర్చ మొదలవుతుంది. న్యూజెర్సీలో ఆ వయసుకు, కొన్ని షరతులతో, పెద్దలు పక్కన లేకుండా కారు నడపడానికి అనుమతి లభిస్తుంది. మరుసటి ఏడు కళాశాల చదువు. ఇంటికి ఇంకొక వాహనం కావాలి. కొత్తది కొనడం భారం. మంచు కురిసే ప్రాంతం కనుక వాడిన కాంపాక్ట్ ఎస్‌యూవీ వైపు మనసు మొగ్గుతుంది. అప్పుడు మనవారు అడిగే ప్రశ్నలు మూడు: ఏ కంపెనీది? ఎన్ని మైళ్ళు తిరిగింది? ఎంతకు వస్తుంది? అన్నిటికన్న ముందు అడగవలసిన నాలుగవ ప్రశ్న మాత్రం తరచుగా మరుగున పడిపోతుంది: ఇందులో ఉన్నది ఏ తరహా ట్రాన్స్‌మిషన్? దాని నూనెను ఎప్పుడెప్పుడు మార్చారు?

ఇంజను పుట్టించిన శక్తిని చక్రాలకు చేర్చే యంత్రం ట్రాన్స్‌మిషన్. అది పాడైతే మార్చడానికి వేల డాలర్లు అవుతుంది. పాత వాహనం విషయంలో ఆ ఖర్చు బండి వెలలో సగాన్ని కూడా మింగవచ్చు. అయినా ఇంజను నూనె మీద ఉన్న శ్రద్ధ దీని మీద మనకు లేదు.

పేరును బట్టి లోపలి యంత్రాన్ని ఊహించలేము. మన పెనుకొండ వద్ద కియా కర్మాగారంలో 2019లో తయారీ ప్రారంభమైన సెల్టాస్‌నే చూడండి. భారతదేశంలో ఆ ఒక్క బండినే మాన్యువల్, టార్క్ కన్వర్టర్ ఆటోమాటిక్, డ్యూయల్ క్లచ్, సీవీటీ అనే నాలుగు రకాల ట్రాన్స్‌మిషన్లతో అమ్మారు. అమెరికాలో టర్బో ఇంజను గల సెల్టాస్‌కు 2023 నమూనా వరకు డ్యూయల్ క్లచ్ ఉండగా, 2024 నమూనా నుండి ఎనిమిది గేర్ల ఆటోమాటిక్ వచ్చింది. హోండా సీఆర్‌-వీకి 2014 నమూనా వరకు గేర్ల ఆటోమాటిక్. 2015 నుండి సీవీటీ. కనుక “హోండా అయితే చాలు” అన్న మాటకు, ఏ సంవత్సరపు హోండా అన్నది తేలనిదే అర్థం లేదు.

ఈ రకాల మధ్య భేదమేమిటి? టార్క్ కన్వర్టర్ ఆటోమాటిక్‌లో ఇంజను తిప్పే నూనె ప్రవాహమే శక్తిని గేర్లకు అందిస్తుంది. 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్‌తో బహుళ ప్రచారంలోకి వచ్చిన ఆటోమాటిక్ పద్ధతికి ఇది నేటి రూపం. 2013 నుండి వచ్చిన మాజ్దా సీఎక్స్‌-5, హైబ్రిడ్ కాని టొయోటా ర్యావ్‌4 ఈ కోవకు చెందినవి. డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు మరొకటి. హైవే మీద అది చురుకైనదే. 46వ నంబరు రోడ్డు మీద సాయంకాలపు రద్దీలో పాకుతున్నప్పుడు మాత్రం క్లచ్ పదేపదే రాపిడికి లోనై వేడెక్కుతుంది. ర్యావ్‌4 హైబ్రిడ్‌లో రెండు విద్యుత్ మోటార్లు, ఒక గ్రహమండల గేర్ల అమరిక ఉంటాయి. దానిని కూడా సీవీటీ అనే పిలుస్తారు కాని, అందులో బెల్టు లేదు. బెల్టు సీవీటీ దోషాలను దానికి అంటగట్టడం అన్యాయం.

అసలైన సీవీటీలో గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు, లేదా గొలుసు, తిరుగుతుంది. ఇక్కడే రసాయన శాస్త్రం ప్రవేశిస్తుంది. ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టు నిలపాలి. అదే సమయంలో ఆ రెండూ అరగకుండా కాపాడాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు పనులనూ చేయవలసినది ఒక పలుచని నూనెపొర. తీవ్రమైన ఒత్తిడిలో ఆ పొర స్నిగ్ధత అనేక రెట్లు పెరిగి పట్టు కలిగిస్తుంది. ఇందుకోసం నూనెలో కలిపే పదార్థాలు అనేకం. పూర్వం, 1970వ దశకపు తొలినాళ్ళలో అమెరికా నిషేధించేవరకు, ఆటోమాటిక్ ట్రాన్స్‌మిషన్ నూనెలలో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపేవారు. దానికి తగిన ప్రత్యామ్నాయాన్ని సాధించడానికి రసాయన శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమించవలసి వచ్చింది.

అటువంటి నూనె శాశ్వతం కాదు. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీల సెంటిగ్రేడు పెరిగినప్పుడల్లా రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది కళాశాలలో చదువుకున్న స్థూల సూత్రమే. వేడికి నూనె ఆక్సీకరణం చెందుతుంది. స్నిగ్ధతను నిలిపే పాలిమర్ గొలుసులు కప్పీల ఒరిపిడిలో తెగుతాయి. ఘర్షణను అదుపుచేసే పదార్థాలు క్షీణిస్తాయి. ఇవన్నీ కంటికి కనిపించే మార్పులు కావు; రంగు చూసి మాత్రమే నూనె బాగున్నదని తీర్పు చెప్పలేము.

కొన్ని సంస్థలు, కొందరు విక్రేతలు దీనిని “జీవితకాలపు నూనె” అంటారు. ఎవరి జీవితకాలం? మొదటి యజమాని నాలుగైదేళ్ళలో బండిని వదిలించుకుంటే ఆయన లెక్క సరిపోతుంది. రెండవ యజమాని, అంటే మనం, మిగిలిన జీవితానికి వారసులం. నిస్సాన్ సంస్థ 2003 నుండి 2010 వరకు గల తన నమూనాల సీవీటీలకు హామీని పదేళ్ళకు లేదా 1,20,000 మైళ్ళకు పొడిగించవలసి వచ్చింది. కియా ఇచ్చే పదేళ్ళ హామీ మొదటి యజమానికే పరిమితం. చేతులు మారితే, తొలి కొనుగోలు నుండి లెక్కించి, అయిదేళ్ళు లేదా 60,000 మైళ్ళు మాత్రమే మిగులుతుంది.

నూనె మార్చకపోయినా లక్షన్నర మైళ్ళు నడిచిన సీవీటీలు లేవా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఉన్నాయి. కాని మనం కొనేది సగటు బండిని కాదు, ఒకానొక బండిని. దాని గతాన్ని చెప్పగలిగేవి మరమ్మతుల రసీదులే. రసీదులున్న 80,000 మైళ్ళ బండిని, ఏ కాగితమూ లేని 50,000 మైళ్ళ బండికన్న నేను మేలైనదిగా ఎంచుతాను.

అద్దం మీది తనిఖీ స్టిక్కరును చూసి మోసపోకూడదు. 2010 ఆగస్టు నుండి న్యూజెర్సీలో సాధారణ కార్లకు జరిగే తనిఖీ పొగకు సంబంధించినదే; ట్రాన్స్‌మిషన్‌కు దానితో నిమిత్తం లేదు. డీలరు వద్ద కొంటే రాష్ట్ర చట్టం కొంత రక్షణ ఇస్తుంది: 24,000 మైళ్ళ లోపు బండికి 90 రోజులు, 60,000 లోపు దానికి 60 రోజులు, లక్ష లోపు దానికి 30 రోజులు. ఏడేళ్ళు దాటిన నమూనాలకు అదీ లేదు. పరిచయస్తుల వద్ద కొన్నా ఈ చట్టం వర్తించదు.

కావున పాఠకులకు నా మనవి ఇది. బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. రివర్సులో వేసిన తరువాత కదలడానికి జాగు చేస్తున్నదేమో చూడండి. 287 మీదికి ఎక్కించి, నిలకడ వేగంలో వణుకు గాని, ఈలవంటి రొద గాని, ఇంజను వేగంలో హెచ్చుతగ్గులు గాని ఉన్నవేమో గమనించండి. అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్కుకు చూపించండి. కొన్న పిమ్మట, ఆ మోడలుకు నిర్దేశించిన నూనెనే వాడండి. బేరంలో తగ్గించిన రెండు వందల డాలర్లను గురించి స్నేహితులకు చెప్పుకొని సంతోషిస్తాము. అర్ధరాత్రి హైవే పక్కన నిలిచిపోయిన బండిలో నుండి మన అమ్మాయి ఫోను చేసినప్పుడు ఆ లాభం ఎవరికీ గుర్తుండదు.