సొంతయింటి పన్ను - బహిరంగ దస్తరములు

సర్కారు వేసిన పన్నును మాఱుమాటాడక కట్టుట తెలుగువారి స్వభావము కాదు. 1921వ సంవత్సరమున చీరాల-పేరాల ప్రజలు తమపై బలవంతముగా రుద్దబడిన పురపాలక సంఘమును, దాని వెంటవచ్చు పన్నుల భారమును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి ఎండకు వానకు ఓర్చి నిలిచిరి. పన్ను ఎంత, ఎందులకు, ఎవరి లెక్క ప్రకారము అని అడుగుటకు పౌరునకు హక్కు గలదని వారు చాటిరి. ఆ ప్రశ్ననే నేడు వేఱొక దేశమున, వేఱొక రీతిని మనవారు అడుగవలసి యున్నది. అచ్చట ఇండ్లు విడువ నక్కఱలేదు. ఒక దరఖాస్తు వ్రాసిన చాలును. అయినను ఆ దరఖాస్తు వ్రాయనివారు మనలో నున్నారని వినుచున్నాము.

అమెరికాలోని టెక్ససు రాష్ట్రమున, ముఖ్యముగా డాలసు, హ్యూస్టను, ఆస్టిను నగరముల పరిసరములయందు, తెలుగు కుటుంబము లనేకము స్థిరపడినవి. వారు ఇండ్లు కొని, పాలు పొంగించి, గడపకు పసుపు పూసి గృహప్రవేశము చేసికొనుచున్నారు. ఆ రాష్ట్రమున ఆదాయపు పన్ను లేదు. అందుచేత స్థానిక ప్రభుత్వముల భారమంతయు ఇంటిమీదను నేలమీదను పడుచున్నది. కౌంటీ, నగరము, బడుల మండలము, ఆసుపత్రి మండలము వేర్వేఱుగా పన్ను వేయును. వీనిలో పెద్దవంతు సాధారణముగ బడులదే. ఈ పన్నుకు ఆధారమైన విలువను నిర్ణయించుటకు 1979 నాటి చట్టము ప్రకారము ప్రతి కౌంటీకిని ఒక మదింపు మండలి ఏర్పడినది. జనవరి 1వ తేదీన ఇంటి విలువ యెంతయో అదియే ఆ సంవత్సరపు లెక్క.

గృహస్థునకు చట్ట మొసంగిన రక్షణ యేదనగా, అచ్చటివారు హోంస్టెడ్డు మినహాయింపు అనునది. తాను కాపురముండు ఇంటి విలువలో కొంతభాగమును పన్ను లెక్కనుండి తీసివేయుదురు. బడిపన్ను విషయమున ఈ భాగము 2022 నాటికి 40,000 డాలర్లు. 2023 నవంబరున ప్రజలు వోటు వేసి దానిని 1,00,000 డాలర్లు చేసిరి. 2025 నవంబరున మరల వోటు వేసి 1,40,000 చేసిరి. ఇది 2025వ సంవత్సరపు పన్నునుండియే వర్తించినది. అఱువదియైదేండ్లు దాటినవారికిని అంగవైకల్యము గలవారికిని దీనిపై మఱి 60,000 అదనము; వారి బడిపన్ను ఒక మొత్తమునకు మించి పెరుగకుండ కట్టడియు గలదు. కొడుకు వద్దకు పోయి చేరిన తల్లిదండ్రులు ఇది తమకును వచ్చునని తలపరాదు. వయసుతోబాటు ఆ యింటిపై యాజమాన్యమును ఉండవలెను.

లెక్క చూతము. ఇంటి విలువ 4,00,000 డాలర్లనుకొందము. మినహాయింపు గలవానికి బడిపన్ను 2,60,000 మీదనే పడును. నూటికి ఒక డాలరు చొప్పున పన్ను అని మాటవరుస కనుకొన్నచో, దరఖాస్తు పెట్టనివాడు ఏటేట 1,400 డాలర్లు ఊరక విడిచిపెట్టుచున్నాడు. అంతకంటె పెద్దనష్టము వేఱొకటి యున్నది. మినహాయింపు పొందిన మఱుసటి సంవత్సరమునుండి, ఆ యింటి పన్నువిలువను ఏడాదికి నూటికి పదివంతులకంటె హెచ్చింపరాదు. 4,00,000 ఇల్లు మఱుసటి యేట 5,00,000 అయ్యెనని మండలి తేల్చినను, పన్ను 4,40,000 మీదనే. ధరలు ఎగబ్రాకిన కాలమున ఈ కట్టడియే గృహస్థునకు గొడుగు. దరఖాస్తు ఒక్క యేడు ఆలస్యమైనచో ఈ గొడుగును ఒక్క యేడు ఆలస్యముగనే తెఱచుకొనును.

ఈ దరఖాస్తుకు రుసుము లేదు. ఈ మాటను మేము మఱల చెప్పుచున్నాము: దమ్మిడీ యైనను లేదు. క్రయపత్రము దాఖలైన కొలదివారములకు, సర్కారు ముద్రను పోలిన ముద్రతో, గడువు తేదీని ఎఱ్ఱసిరాతో అచ్చువేసి, మీ మినహాయింపును మేము దాఖలు చేయుదుము, మీ క్రయపత్రపు నకలు మేము పంపుదుము, ఇంత సొమ్ము పంపుడు అని ఉత్తరములు వచ్చును. ఇవి సర్కారు ఉత్తరములు కావు. ఉచితముగా దొరకు పనిని సొమ్ముకు అమ్ము వర్తకుల ఉత్తరములు. కొత్తగా ఇల్లు కొన్నవాని పేరు, చిరునామా వీరికెట్లు తెలిసెనని ఆశ్చర్యపడనక్కఱలేదు. ఆ దస్తరము లోకమునకంతకు తెఱచియే యున్నది.

ఈ తెఱచియుండుటయే మాకు ముఖ్యవిషయము. టెక్ససు కౌంటీలలో దస్తరములు రెండు విధములు. క్రయపత్రములు, తాకట్టులు, వాని విడుదలలు కౌంటీ గుమాస్తా కచేరీలో నుండును. విలువ, పన్ను, మినహాయింపుల పట్టిక మదింపు మండలి వద్ద నుండును. రెండవదానిని యజమాని పేరుచేతగాని, వీధి చిరునామాచేతగాని, ఖాతా సంఖ్యచేతగాని ఇంటనుండియే వెదకవచ్చును. పేరుచేత వెదకునప్పుడు ఇంటిపేరు ముందు వ్రాయబడుట వాడుక. మన పేర్లు అచ్చట పలువిధముల తలక్రిందులగుచున్నవి గావున చిరునామాచేత వెదకుట మేలు. అందు యజమాని యెవరు, కట్టిన సంవత్సర మేది, విస్తీర్ణ మెంత, గడచిన యేండ్ల విలువలెట్టివి, ఏ యే ప్రభుత్వములు పన్ను వేయుచున్నవి, మినహాయింపు గలదా లేదా అను సంగతులన్నియు కనబడును. తన మినహాయింపు పట్టికలో నెక్కినదో లేదో తెలిసికొనుటకు ఎవరిని బ్రతిమాలనక్కఱలేదు. ఇరుగుపొరుగు ఇండ్లకు వేసిన విలువతో తన యింటి విలువను సరిపోల్చి, అన్యాయము తోచినచో మే 15వ తేదీలోపలగాని, నోటీసు పంపిన ముప్పది దినములలోపలగాని, ఏది తరువాతిదైన నా తేదీకి ఆక్షేపణ పెట్టవచ్చును. అమ్మకపు ధరను ప్రకటింపవలెనను నిర్బంధము మాత్రము ఆ రాష్ట్రమున లేదు. అందుచేత పొరుగువారు ఎంతకు కొనిరో పట్టికలో దొరకదు. ఎంత విలువ కట్టబడెనో దొరకును.

దరఖాస్తు విషయమున ఇంకను కొన్ని సంగతులు చెప్పవలసి యున్నవి. జనవరి 1 మొదలు ఏప్రిలు 30 వఱకు పెట్టుట పద్ధతి. ఆలస్యమైనను, పన్ను బకాయి పడిన తేదీనుండి రెండేండ్లలోపల పెట్టి వెనుకటి సొమ్మును తిరిగి పొందవచ్చును. 2022 మొదలుకొని, నడిసంవత్సరమున కొన్నవారును ఆ యేటికే అడుగవచ్చును, పాతయజమాని అదే మినహాయింపును ఆ యేటికి పొంది యుండనియెడల. డ్రైవింగు లైసెన్సు మీద పాత అద్దెయింటి చిరునామా యుండి, దరఖాస్తు మీద కొత్తయింటి చిరునామా యున్నచో దరఖాస్తు తిరిగివచ్చును. కావున ముందు దానిని మార్చుకొనవలెను. 2023 నాటి చట్టము ప్రకారము మండలి యైదేండ్ల కొకమాఱైనను ఈ మినహాయింపులను పునఃపరిశీలింపవలెను. అప్పుడు వచ్చు ఉత్తరమును వర్తకుని ఉత్తరమని చించివేయువారును ఉందురు!

వీసా మాట. టెక్ససు చట్టము పౌరసత్వమును అడుగదు. ఇల్లు తనదై, అందు తాను ప్రధాననివాసముండుటనే అడుగును. ఉద్యోగపు వీసాపై నున్న మనవారు మనకిది రాదని తమంతట తామే అనుకొని ఊరకుండుట పొరపాటు. ఫ్లోరిడా సంగతి వేఱు. తాత్కాలిక వీసాపై నున్నవాడు స్థిరనివాసమును సంకల్పింపజాలడని అచ్చటి ఉన్నత న్యాయస్థానము 1963 లో తీర్పు చెప్పినది. అయితే ఆ యింటనే స్థిరనివాసముగా నుండు బిడ్డలు ఆ దేశపు పౌరులైనపుడు, తల్లిదండ్రుల వీసా తాత్కాలికమైనను మినహాయింపు చెల్లునని 2012 లో అదే న్యాయస్థానము నిర్ణయించినది. ఉయ్యాలలోని బిడ్డ పేర హక్కు తల్లిదండ్రులకు వచ్చుట విచిత్రముగా తోచవచ్చును గాని, న్యాయముగనే యున్నది. అచ్చట గడువు మార్చి 1వ తేదీ.

ఇక ఒక కఠోరమైన మాట. ఉద్యోగము మాఱి వేఱొక రాష్ట్రమునకు పోయి, టెక్ససు ఇంటిని అద్దెకిచ్చి, మినహాయింపును మాత్రము అట్లే యుంచుకొనువారున్నారు. భార్య పేర ఒకయింట, భర్త పేర వేఱొకయింట రెండు మినహాయింపులు పొందజూచువారును ఉందురు. తిరిగివచ్చు ఉద్దేశముతో, వేఱొక ప్రధాననివాసము నేర్పఱచుకొనక, రెండేండ్లలోపు దూరముండుటకు చట్టము సమ్మతించును. అంతకు మించినది మోసమే. పట్టుబడినచో వెనుకటి యైదేండ్ల పన్ను కట్టవలసివచ్చును. దస్తరము తెఱచియున్నది గదా. మనము పొరుగువాని లెక్క చూచినట్లే పొరుగువాడును మన లెక్క చూచును.

ఈ మినహాయింపుకు మూలమైన భావన పన్నులకంటె పురాతనమైనది. టెక్ససు ప్రత్యేక గణతంత్రముగ నున్న కాలమున, 1839 జనవరిలో చేసిన చట్టము గృహయజమానికి ఏబది యెకరముల నేలను లేదా పట్టణములోని ఇంటిని, పనిముట్లను, ఐదు పాడియావులను అప్పులవారు జప్తు చేయరాదని శాసించినది. అప్పు చేసినవాడైనను వానికి నీడ యుండవలెనన్న ధర్మమది. దానిని మెచ్చుకొనుచునే, ఆ నేల ఆదిమవాసులనుండి లాగుకొన్నదనియు, ఆ ధర్మము నల్లవారికి అన్వయింపలేదనియు మేము మఱచుట లేదు. మనవారి చరిత్రయు అందుండి దూరము కాదు. భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున 1923 లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని చెప్పినపిమ్మట, పౌరులు కాజాలనివారికి భూమి కూడదను కాలిఫోర్నియా చట్టము వారి పొలములమీద పడినది. 1946 నాటి చట్టముతో గాని భారతీయులకు ఆ ద్వారము తెఱవబడలేదు. చైనా, ఇరాను, ఉత్తర కొరియా, రష్యాలకు సంబంధించిన కొందఱి కొనుగోళ్ళను అడ్డు టెక్ససు చట్టమొకటి 2025 సెప్టెంబరున అమలులోనికి వచ్చినది. ఆ పట్టికలో మన దేశము లేదని సంతసించి ఊరకుండువారిని చూచి మాకు సంతసము కలుగుట లేదు.

మన దేశమున ఈ దస్తరముల స్థితి యేమి? 1908 నాటి రిజిస్ట్రేషను చట్టపు 57వ సెక్షను ప్రకారము స్థిరాస్తి పత్రములు నకలు చేయబడు ఒకటవ పుస్తకమును, దాని సూచికలను రుసుము చెల్లించిన ఏ మనుష్యుడైనను చూడవచ్చును. యజమానియే కానక్కఱలేదు; కారణము చెప్పనక్కఱయును లేదు. పరప్రభుత్వపు కాలమున పుట్టిన చట్టమే యైనను ఈ యంశమున అది ప్రజలపక్షమున నిలిచినది. సబ్‌రిజిస్ట్రారు కచేరీకి వచ్చినవానిని "నీకెందుకు?" అని అడుగు గుమాస్తా ఈ సెక్షనును చదివి యుండలేదని మా అనుభవము. భార ధృవపత్రము, అనగా జనులు ఈసీ అనునది, 1983 నుండి నేటివఱకు జరిగిన లావాదేవీలకు ఇంటనుండియే తీసికొనవచ్చును. కాని అందు రిజిస్టరయిన పత్రములే కనబడును. నోటిమాటతో జరిగిన పంపకము, పెట్టెలోనున్న వీలునామా, కోర్టులో నడచు దావా అందు కనబడవు. ఇంటిపన్ను రశీదు హక్కుపత్రము కాదు. అది పన్ను కట్టినట్లు మాత్రమే సాక్ష్యమిచ్చును.

పల్లెలలో లెక్కలు కరణముగారి దప్తరములో మూటగట్టి యుండిన దినములు 1984 లో ఆ పదవుల రద్దుతో ముగిసినవి. పిమ్మట గణకయంత్రములు వచ్చినవి. తెలంగాణమున 2020 లో ధరణి వచ్చినది. తమ భూమివివరములు పరులకు కనబడకుండ మఱుగుపఱచుకొను వీలు నందు కల్పింపబడెను. అది 57వ సెక్షను స్వభావమునకు విరుద్ధమని మా యభిప్రాయము. 2025 ఏప్రిలున దాని స్థానమున భూభారతి వచ్చినది. పేరు మాఱిన మాత్రమున దస్తరము తెఱచుకొనదు. తెఱచుకొనినదా లేదా యనునది ప్రతి సర్వే నంబరును వెదకి చూచినగాని తెలియదు.

డాలసు నగరమున తన యింటి విలువను డాలరు తప్పకుండ చెప్పగల యువకుడు, గుంటూరులోనో కరీంనగరములోనో తండ్రి విడిచిన యింటిస్థలము నేడు ఎవరి పేర నున్నదో చెప్పజాలడు. గ్రామకంఠమున నున్న యిండ్లకు ఆకారబందు లేదు, విడివిడిగా పట్టాలు తఱచుగ లేవు. పెద్దలు పోయినపిమ్మట సాక్ష్యములును పోవును. వేసవి సెలవులలో వచ్చువారు బంధువుల విందులకు కేటాయించిన దినములలో ఒక దినమును సబ్‌రిజిస్ట్రారు కచేరీకి కేటాయించి, తండ్రి పేరనొకటి, తాత పేరనొకటి, 1983 కు పూర్వమునకు చేతివ్రాతసూచికలనుండి ఒకటి ఈసీలకు దరఖాస్తు పెట్టవలెను. పంచాయతి పన్నుపుస్తకములో ఎవరి పేరున్నదో చూడవలెను. పాత దస్తావేజులోని హద్దులను నేలమీద నడచి సరిచూడవలెను; హద్దుగా వ్రాసిన వేపచెట్టు పడిపోయియుండవచ్చును గాని, ప్రక్కయింటి పెద్దమనుష్యు డింకను జీవించి యుండవచ్చును.