జగడా ఉండనివ్వండి, మష్వరా కూడా ఉండనివ్వండి

మా అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఉర్దూ చదువుతుంది, అదీ నస్తాలీఖ్‌లో ఉంటేనే. నస్ఖ్‌లో కనిపిస్తే "ఇది అరబీలా ఉంది బేటా" అని ఫోన్ నా చేతిలో పెట్టేస్తుంది. ఇప్పుడు అశ్వారావుపేటలో మా అరుగు మీద కూర్చుని తన ఫోన్‌లో తనే ఖబర్లు చదువుకుంటోంది. దీని వెనక బ్రౌజర్ కంపెనీల పదిహేనేళ్ల జగడా ఉందంటే నమ్మదు.

నేను విలేఖరిగా చేరిన కొత్తలో ఇంటర్నెట్ సెంటర్‌లో తెలుగు పేపర్ తెరిస్తే ఒక్కోసారి ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు, కామాలు వచ్చేవి. వైరస్ అనుకునేవాళ్లం. అసలు మామ్లా వేరు. అప్పటి సైట్లు ఇంగ్లీషు హరఫ్‌ల కోడ్‌ల మీద తెలుగు అక్షరాలు తొడిగేవి. ఫాంటు దిగితేనే తెలుగు, లేకపోతే గందరగోళం. 1997లో నెట్‌స్కేప్ ఫాంటు పంపే పద్ధతి ఒకటి పెడితే, మైక్రోసాఫ్ట్ ఈఓటీ అని ఇంకోటి పెట్టింది. ఒకరిది ఇంకొకరి దగ్గర చెల్లదు. తర్వాత వచ్చిన ఫైర్‌ఫాక్స్‌లో రెండూ చెల్లలేదు. నాగార్జున వెన్న గారు 'పద్మ' రాసి ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి మనల్ని గట్టెక్కించారు. ఉర్దూవాళ్లయితే ఇన్‌పేజ్‌లో కట్టిన పేజీని ఫొటోలా పెట్టేసేవారు. అందులో ఒక్క లఫ్జ్ వెతకడం కుదరదు.

2008లో మైక్రోసాఫ్ట్ ఈఓటీనే అందరికీ స్టాండర్డ్ చేయమని డబ్ల్యూత్రీసీ ముందు పెట్టింది. మిగతావాళ్లు మామూలు ఫాంటు ఫైలే చాలన్నారు. ఫాంటు గీసేవాళ్లకేమో దొంగతనం ఫికర్. ఎవరి జిద్ వాళ్లది. చివరికి జొనాథన్ క్యూ, టాల్ లెమింగ్, ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్ కలిసి వాఫ్ తయారుచేశారు: అదే ఫాంటును కుదించి, యజమాని వివరాలకు చోటు పెట్టారు. 2010లో మొజిల్లా, ఒపేరాతో పాటు మైక్రోసాఫ్ట్ కూడా దాని వెనక నిలబడింది. 2012 డిసెంబరులో స్టాండర్డ్ అయింది.

"అందరూ ఒకే బ్రౌజర్ వాడితే పోదా అబ్బా?" అంటాడు మా వాడు. పోదు బేటా. ఒక్కడే ఉంటే వాడి జిద్దే ఖానూన్. 2013లో ఒపేరా, 2020లో ఎడ్జ్ సొంత ఇంజన్లు వదిలి గూగుల్ క్రోమియం మీదికి వచ్చేశాయి. కాదనగల హైసియత్ ఇప్పుడు మొజిల్లాకు, యాపిల్‌కు మిగిలింది. 2023లో గూగుల్ ఇంజనీర్లు కొత్త తజ్‌వీజ్ తెచ్చారు: మన ఫోన్, బ్రౌజర్ నమ్మదగినవేనని మూడోవాడు గవాహీ ఇస్తే సైటు చూసుకునే ఏర్పాటు. మొజిల్లా వ్యతిరేకించింది, ఇంకా చాలామంది గొడవ చేశారు. నవంబరులో గూగుల్ వెనక్కి తీసుకుంది. మా అమ్మీ ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైంది. దాని తరఫున గవాహీ ఎవరిస్తారు?

అందుకే ఆ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసిచ్చాను. నస్తాలీఖ్ ఫాంటు బరువు కదా, సిగ్నల్ సన్నగా ఉంటే ముందు నస్ఖ్ వస్తుంది. అమ్మీకి అలవాటైపోయింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, "ఆగు, ఇప్పుడు ఉర్దూ అవుతుంది" అంటుంది.