మాదాపూర్‌కి మూడు రోజులు, గుట్ట మీది గూడేనికి ముప్పై



మన వాళ్ళు చాలామంది ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో ఉంటున్నారు. కొందరు కోడింగ్ నేర్చుకుంటున్నారు, ఇంకొందరు అక్కడి గేట్ల దగ్గర నైట్ డ్యూటీ చేస్తున్నారు. మీలో అక్కడున్న వాళ్ళని ఒకటి అడుగుతా. కరెంటు పోతే ఎంతసేపట్లో వస్తుంది? మీ జవాబు నిమిషాల్లో ఉంటుంది. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేసి అదే అడగండి. ఫోన్‌లో చార్జింగ్ ఉంటే, జవాబు పూటల్లోనో రోజుల్లోనో వస్తుంది.

ఈ తేడా గాలివానది కాదు, వైర్ల అమరికది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ళగుట్టలే. పాతికేళ్ళకి, 2023లో, రాయదుర్గంలో 400 కేవీ సబ్‌స్టేషన్ తెరిచారు. మామూలుగా అంత పెద్ద సబ్‌స్టేషన్‌కి పదుల ఎకరాలు కావాలి. అక్కడ భూమి బంగారం కాబట్టి పరికరాలన్నీ గ్యాస్ నింపిన గొట్టాల్లో పెట్టి కొద్ది ఎకరాల్లోనే సర్దేశారు. ఇక వీధుల్లో రింగ్ పద్ధతి. అంటే ఒక బిల్డింగ్‌కి రెండు వైపుల నుంచీ కరెంటు రాగలదు. ఒక వైపు కేబుల్ పాడైతే రెండో వైపు నుంచి ఇస్తారు, రిపేరు తర్వాత నింపాదిగా చేసుకుంటారు.

మన ఏజెన్సీలో 11 కేవీ లైను చెట్టులాంటిది. ఒకటే మొదలు, దాని నుంచి కొమ్మలు, కొమ్మ చివర గూడెం. మధ్యలో ఎక్కడ తెగినా ఆ పైనున్న గూడేలన్నీ చీకటే. అడవిలో పది కిలోమీటర్ల లైను మీద ఏ స్తంభం దగ్గర తెగిందో కనుక్కోవడానికి లైన్‌మన్ నడిచి వెతకాలి, వానాకాలమైతే వాగు తగ్గాలి. ఆయన్ని తిట్టకండి. ఒక్క మనిషికి అన్ని ఊళ్ళు అప్పగించిన వాళ్ళని అడగండి.

సిటీకి ఎందుకిచ్చారని నా గొడవ కాదు. ఇవ్వాలి, అక్కడ ఆసుపత్రులున్నాయి, మన పిల్లల ఉద్యోగాలున్నాయి. కానీ ఆ కరెంటు పుట్టింది ఎక్కడ? పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంటు, వాటికి బొగ్గిచ్చే సింగరేణి గనులు. 2014 దాకా సీలేరు నీళ్ళ కరెంటు కూడా అదే గ్రిడ్‌లో కలిసింది. భూమి మనది, బూడిద మనకి, రింగు వాళ్ళకి. 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియా గనుల గురించి మాట్లాడుతూ, లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి పక్కన పెట్టాలని చెప్పింది. ఆ లెక్కన చూస్తే మనం అడిగేది దానం కాదు.

చట్టంలోనే తేడా ఎలా ఉందో చూడండి. కేంద్రం 2020లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చి 2024 ఫిబ్రవరిలో సవరించింది. కొత్త కనెక్షన్‌కి గడువు మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15. కొండ ప్రాంతం పల్లెలకు మాత్రం పాత 30 రోజులే. కొండెక్కడం కష్టమే, ఒప్పుకుంటాం. మరి టవర్ లైన్లు ఆ కొండలే ఎక్కి వెళ్ళాయి కదా?

కంపెనీలు 'కమ్యూనిటీ సపోర్ట్' అని వస్తాయి. స్కూలు బ్యాగులు, సోలార్ లాంతర్లు, ఒక ఫొటో. తీసుకోండి, వద్దనకండి. అయితే లాంతరు తీసుకున్నాం కదా అని లైను అడగడం మానొద్దు. నన్నడిగితే అసలైన సపోర్ట్ రెండే: గూడేనికి రెండో వైపు నుంచి లైను, ఐటీడీఏ ద్వారా శిక్షణ ఇచ్చి మన పిల్లల్నే లైన్‌మన్లుగా పెట్టడం. ఆ అడవి దారులు వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"ఫారెస్టు పర్మిషన్ రాలేదు" అనే మాట మీరు వినే ఉంటారు. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. కరెంటు లైను లాంటి సౌకర్యాలకి, ఒక్కోదానికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వొచ్చు. అంటే మొదటి కాగితం రాయాల్సింది మనమే. కోలాం, కొండరెడ్డి, చెంచు, తోటి గూడేలైతే పీఎం జన్‌మన్ కింద కూడా అడగండి, అందులో కరెంటు పని ఉంది.

ఇంకొకటి. చార్జీల మీద రెగ్యులేటరీ కమిషన్ బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా అభ్యంతరం రాసివ్వొచ్చు. అక్కడ పరిశ్రమల వాళ్ళు లెక్కలతో వస్తారు, మనం ఆవేదనతో వెళ్తే చాలదు. అందుకే ప్రతి గూడెంలో పదో తరగతి చదివిన ఒకరికి ఒక నోటుబుక్ ఇవ్వండి. మూడు గళ్ళు కొట్టుకుంటే చాలు: కరెంటు పోయిన తేదీ, టైము. వచ్చిన తేదీ, టైము. ఏ స్తంభం దగ్గర తెగింది. 1912కి ఫోన్ చేస్తే ఇచ్చిన కంప్లైంట్ నంబరు పక్కన రాయండి. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి.