నిషేధం మొదలయ్యేది మంచి ఉద్దేశంతోనే

పుస్తకం దగ్గరుంచుకోవడమే నేరమైన సమాజాన్ని రే బ్రాడ్‌బరీ 1953లోనే ‘ఫారెన్‌హీట్ 451’ నవలలో ఊహించాడు. అందులో పుస్తకాలను తగలబెడతారు. నేటి అమెరికాలో అంత శ్రమ అక్కర్లేదు, స్కూలుకు ఒక ఫిర్యాదు చాలు. 2024-25 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల్లో పుస్తకాలపై వేటు పడిన ఉదంతాలు 6,870 అని పెన్ అమెరికా సంస్థ లెక్కగట్టింది. వాటిలో ఫ్లోరిడాది మొదటి స్థానం, టెక్సస్‌ది రెండోది. రెండు చోట్లా మనవాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు.

మా శాన్ రామన్‌లో ఆ బెడద తక్కువే. భిన్న వర్గాల చరిత్ర ఉందన్న సాకుతో స్కూల్ బోర్డులు పుస్తకాలు తీసేయకుండా కాలిఫోర్నియా 2023లో ఏబీ 1078 చట్టం తెచ్చింది. మరుసటి ఏడాది ఏబీ 1825తో పబ్లిక్ లైబ్రరీలకూ ఇలాంటి రక్షణే కల్పించింది.

అయినా ‘పిల్లల చేతికి ఏది పడితే అది ఇస్తారా?’ అన్న ప్రశ్న మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. అది అడగదగ్గ ప్రశ్నే. మేరీల్యాండ్‌లో కొన్ని కుటుంబాలు ఇదే విషయమై కోర్టుకెక్కాయి. ఎల్జీబీటీ పాత్రలున్న కథల పాఠాల నుంచి, మత విశ్వాసాల రీత్యా తమ పిల్లలకు మినహాయింపు కోరాయి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో వారి పక్షాన నిలిచింది. అయితే ఆ పుస్తకాలను తీసేయమని మాత్రం చెప్పలేదు. నా దృష్టిలో గీత గీయాల్సింది సరిగ్గా అక్కడే. మన పిల్లాడు ఏం చదవాలో చెప్పే హక్కు మనది. పక్కింటి పిల్లాడి సంగతి వాళ్ల అమ్మానాన్నలది.

ఆ గీత దాటితే ఏమవుతుందో తెలుగువారికి అనుభవమే. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’లోని శృంగారాన్ని తప్పుబట్టినవారిలో కందుకూరి వీరేశలింగం కూడా ఉన్నారు. వితంతు వివాహాల కోసం పోరాడిన సంస్కర్త ఆయన. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని వావిళ్ల వారిచేత అచ్చు వేయిస్తే, మరుసటి ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉండగా గానీ ఆ ఆంక్ష తొలగలేదు. దాదాపు 35 ఏళ్లపాటు, ఆ కావ్యం మంచిదో చెడ్డదో చదివి తేల్చుకునే అవకాశం ఒక తరానికి లేకుండా పోయింది.

స్కూలు నుంచి వచ్చిన పుస్తకం నచ్చకపోతే ముందు మనం పూర్తిగా చదువుదాం. వాట్సాప్‌లో తిరిగే ఒక్క పేజీ ఫొటో చూసి సంతకాలు పెట్టొద్దు. టీచర్‌తో మాట్లాడదాం, అవసరమైతే మన బిడ్డకు వేరే పుస్తకం అడుగుదాం. ఇక్కడ మన దేవుళ్ల కథలు, మన పండుగల కథలు కూడా చాలామందికి కొత్తవే. నచ్చని కథను అందరికీ దూరం చేసే అలవాటు ఊళ్లో పాతుకుపోతే, రేపు ఫిర్యాదు వాటి మీదే రావచ్చు. అప్పుడు లైబ్రరీ మన పక్షాన నిలబడాలంటే, ఇవాళ ఇతరుల కథల విషయంలో మనం లైబ్రరీకి అండగా ఉండాలి.