వరమిచ్చారు సరే... పూజారి?

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదని మన సామెత. 2020లో అమెరికాలోని నల్లజాతి చిరువ్యాపారులకు అచ్చంగా అదే జరిగింది.

ఆ ఫిబ్రవరిలో అక్కడ 11 లక్షల మంది నల్లజాతీయులు సొంత వ్యాపారాలు నడుపుతున్నారు. కరోనా వచ్చిపడ్డాక, ఏప్రిల్‌కల్లా మిగిలింది 6 లక్షల 40 వేలు. అంటే నూటికి 41 మంది షట్టర్లు దించేశారు. తెల్లజాతి వ్యాపారుల్లో ఆ సంఖ్య 17.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా అంటే, లేదు. మార్చి నెలాఖర్లోనే ‘పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్’ పేరుతో 34,900 కోట్ల డాలర్లు కేటాయించింది. పేరుకే అప్పు. జీతాలకూ అద్దెలకూ నిబంధనల ప్రకారం వాడుకుంటే తిరిగి కట్టక్కర్లేదు. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది కదూ!

చిక్కంతా, ఆ డబ్బు పంచే పనిని బ్యాంకులకు అప్పగించడంలో ఉంది. ఇచ్చిన ప్రతి అప్పుకీ ప్రభుత్వం బ్యాంకుకు రుసుము చెల్లిస్తుంది. మూడున్నర లక్షల డాలర్ల వరకూ 5 శాతం, 20 లక్షలు, ఆ పైన అయితే 1 శాతం. చిన్నవాళ్లకే మొగ్గు చూపారని మురిసిపోకండి. పదివేల డాలర్ల అప్పిస్తే బ్యాంకుకు వచ్చేది 500. కోటి ఇస్తే, లక్ష! ఏ మేనేజరు ఏ ఫైలు ముందు తీస్తాడో వేరే చెప్పాలా? పైగా చాలా పెద్ద బ్యాంకులు తమ పాత ఖాతాదారులకే తొలి పీట వేశాయి. తరతరాలుగా బ్యాంకు అప్పు పుట్టనివారికి ఆ పాత పరిచయం ఎక్కడిది?

13 రోజుల్లో నిధి ఖాళీ. షేక్ షాక్ అనే బర్గర్ల సంస్థకు కోటి డాలర్లు, లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు 46 లక్షలు అందాయని తెలిసి జనం మండిపడ్డారు. ఇద్దరూ తిరిగిచ్చేశారనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో మెలిక. నల్లజాతి వ్యాపారుల్లో నూటికి 90 మందికి పైగా జీతగాళ్లెవరూ లేకుండా ఒంటిచేత్తో నెట్టుకొచ్చేవాళ్లే. జీతగాళ్లున్న సంస్థల దరఖాస్తులు ఏప్రిల్ 3న మొదలైతే, వీళ్ల వంతు 10న వచ్చింది. 16న డబ్బులైపోయాయి. అప్పు లెక్కేమో నికర లాభం మీద. ఏడాదికి 60 వేల డాలర్ల రాబడి ఉన్న సెలూన్ అనుకోండి. అద్దె, కరెంటు, సామాన్లు పోగా పన్ను కాగితాల్లో మిగిలింది 6 వేలు. నెల సగటుకు రెండున్నర రెట్లు ఇస్తారు కనుక చేతికొచ్చేది 1,250 డాలర్లు. దుకాణం అద్దెకైనా చాలుతుందా?

2021లో బైడెన్ ప్రభుత్వం ఆ లెక్కను మొత్తం రాబడి మీదికి మార్చింది. అదే సెలూన్‌కి ఇప్పుడు 12,500! కానీ అప్పటికే మంజూరైన అప్పులకు కొత్త లెక్క వర్తించదంది. ఆ మే నెలాఖరుకు పథకమే ముగిసింది.

ఆ తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కలు తీశారు. బ్యాంకులు దరఖాస్తుల పరిశీలనను మనుషుల నుంచి కంప్యూటర్లకు మార్చాక నల్లజాతి వ్యాపారులకు అప్పులు పెరిగాయట. అసలు వాళ్లకు ఎక్కువగా అప్పులిచ్చింది ఆన్‌లైన్ రుణ సంస్థలే. దొంగ దరఖాస్తులూ వాటిగుండా బాగానే దూరాయి లెండి. జాతి ద్వేషం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అయితే ఆ వ్యాపారులు మరీ ఎక్కువగా వాటి మీదే ఆధారపడ్డారు.