అశోక పట్ట ఎక్కడి నుండి వస్తున్నది?

ఆయుర్వేద ఔషధాలు ప్రకృతిసిద్ధమైనవని మనమందరం గర్వంగా చెప్పుకుంటాము. ఆ ప్రకృతికి మన వలన అపాయం కలుగుతున్నదా అన్న ప్రశ్న మాత్రం వేసుకోము. ఈ ప్రశ్నకు వైద్యుడు, ఔషధ తయారీదారు, రోగి ముగ్గురూ సమాధానం చెప్పవలసినవారేనని నా దృఢమైన అభిప్రాయం.

అశోక వృక్షాన్నే తీసుకుందాం. స్త్రీలను బాధించే రక్తప్రదరంలో దీని పట్టను వాడడం, దానితో అశోకారిష్టం తయారుచేయడం తరతరాలుగా ఉన్నదే. అయితే మన వీధుల వెంట, పాఠశాలల ఆవరణలలో నిటారుగా పెరిగే చెట్టును చూసి చాలామంది అదే అశోకమని భ్రమపడుతున్నారు. అది నరమామిడి. ఔషధ గుణం గల అశోకం వేరు. నారింజ, ఎరుపు రంగుల పూలగుత్తులతో శోభిల్లే ఈ వృక్షాన్ని శాస్త్రజ్ఞులు సరాకా అశోకా అంటారు. పశ్చిమ కనుమల సతత హరితారణ్యాలలో, వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడన ఇది సహజంగా పెరుగుతుంది.

ఆ వర్షారణ్యంలో ఏ చెట్టూ ఒంటరిగా బ్రతకదు. పైన కప్పు వలె అల్లుకున్న మహావృక్షాలు ఎండను అడ్డుకుంటాయి. రాలిన ఆకులు కుళ్ళి నేలకు సారాన్ని, తేమను ఇస్తాయి. ఆ తేమలోనే లేత మొలకలు నిలబడతాయి. పై కప్పు పోతే నేల ఎండుతుంది, మొలకలు మాడిపోతాయి. తేయాకు, కాఫీ, రబ్బరు తోటల కొరకు, జలాశయాల కొరకు ఈ అడవులను విస్తారంగా నరికివేశారు. 2012లో యునెస్కో పశ్చిమ కనుమలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. కాని గుర్తింపు ఒక్కటే అడవిని కాపాడదు. ఐ.యు.సి.ఎన్. ఎరుపు జాబితాలో అశోకం ముప్పున్న జాతులలో చేరి ఉన్నది.

అడవి తరుగుదలకు తోడు పట్ట సేకరించే పద్ధతి కూడా చెట్టుకు ప్రాణాంతకమవుతున్నది. ఆకులు తయారుచేసిన ఆహారం పట్ట లోపలి పొర గుండానే వేళ్ళకు చేరుతుంది. కాండం చుట్టూ పట్ట ఒలిచివేస్తే వేళ్ళు పస్తుండి, చెట్టు క్రమంగా చనిపోతుంది. ఒక ప్రక్కన సన్నని నిలువు చీలికగా తీసి, గాయం మానే వరకు ఆ చెట్టును విడిచిపెడితే అది బ్రతుకుతుంది. పట్టను శరదృతువులో సేకరించాలని చరక సంహిత కల్పస్థానం నిర్దేశించినది. ఋతువును, అంగాన్ని ఎంచి తీసుకోమన్న శాస్త్రాన్ని అనుసరించే మనం బజారు తొందరకు లొంగిపోవడం విచారకరం.

అసలు పట్ట కొరవడగా నరమామిడి పట్ట అశోకం పేరుతో చెలామణి అవుతున్నది. అంటే అడవికి జరిగిన నష్టం రక్తస్రావంతో నీరసించిన స్త్రీ త్రాగే కషాయం వరకు వచ్చినది.

అడవి నుండి సేకరణను పూర్తిగా నిషేధించాలని కొందరి వాదన. నేను దానితో ఏకీభవించను. నిషేధం వలన గిరిజనుని జీవనాధారం పోతుంది, దొంగ వ్యాపారం పెరుగుతుంది. అగస్త్య పర్వత ప్రాంతపు కాణి గిరిజనులు ఆరోగ్యపచ్చ అనే మొక్క గుణాన్ని 1987లో శాస్త్రజ్ఞులకు తెలియజేశారు. దానితో తయారైన జీవని అనే ఔషధపు లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణి ప్రజలకు చెందేలా ఏర్పాటు చేశారు. అడవి నిలిస్తేనే తనకు ఆదాయమన్న నమ్మకం కలిగినవాడు చెట్టును నరకడు, నరకనివ్వడు.

కనుక పాఠకులకు నా విజ్ఞప్తి ఇది. అశోక పట్ట కొనేటప్పుడు అది తోటలో పెంచినదా, అడవి నుండి తెచ్చినదా అని అడగండి. సమాధానం చెప్పలేని అంగడిలో కొనకండి. నరమామిడి పట్టను అశోకంగా భావించి ఇంటిలో కషాయం కాచవద్దు. దేవాలయాలలో, పాఠశాలలలో స్థలమున్నవారు నమ్మకమైన నర్సరీ నుండి అసలైన అశోకం మొక్కను తెచ్చి, కొంత నీడ, తగినంత నీరు ఉన్న చోట నాటండి. అది పట్టకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పట్ట మన బిడ్డల కాలానికి అందవలెనంటే మొక్కను ఈ వర్షాకాలంలోనే నాటవలెను.